నూట ఎనిమిది డబ్బాలు

నాంపల్లి స్టేషను రోడ్డులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పక్కనుంచి పైకి వెళ్ళే మెట్లు పంతొమ్మిది. పదేళ్ళ క్రితం సోమయాజులుగారికి ఆ సంఖ్య తెలియదు. ఈ రెండేళ్ళలోనే తెలిసింది. ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పదమూడో మెట్టు దగ్గర మరొకసారి ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి, శ్వాస కుదుటపడ్డాక తక్కినవి ఎక్కేవారు. గోడమీద సరిగ్గా ఆ రెండుచోట్లా సున్నం మాసి చేతి గుర్తులు ఏర్పడ్డాయి.

పైన ఒకటే గది. గుమ్మం మీద ‘మూసీ పరీవాహక వన పునరుద్ధరణ సంఘం’ అని నీలిరంగు చెక్కపలక. లోపల ఒక బల్ల, నాలుగు కుర్చీలు, సంఘం చెట్లు నాటదలచిన, నగరానికి పడమటనున్న బోడిగుట్టల పటం, మూలగా తాళం వేసిన ట్రంకుపెట్టె. సంఘం విత్తనాలన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. పెట్టె తాళంచెవి అధ్యక్షులైన సోమయాజులుగారి జంధ్యానికి ముడివేసి ఉంటుంది. స్నానంలోనూ, సంధ్యావందనంలోనూ, నిద్రలోనూ అది ఆయన రొమ్మును అంటిపెట్టుకునే ఉంది. వంగినప్పుడల్లా దాన్ని ఎడమచేత్తో అదిమిపట్టుకోవడం ఆయనకు ఊపిరి తీయడమంత సహజమైపోయింది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆయన గదిలోకి అడుగుపెట్టేసరికి కార్యదర్శి విద్యాసాగర్ బల్ల ముందు నిలబడే ఉన్నాడు. బడిలో లెక్కలు చెప్పే మనిషి. నాలుగు తరాలుగా హైదరాబాదులో పాతుకున్న కుటుంబం. చేతిలో ఒక కాగితం ఉంది.

“కూసోండ్రి సార్. నీళ్ళు తాగుండ్రి. ఆదివారం మహాసభ కాగితమిది. జర చూసి దస్కత్ చేస్తే అచ్చుకిస్త.”

సోమయాజులుగారు కళ్ళజోడు తుడుచుకుని చదివారు. ప్రార్థన. వార్షిక నివేదిక. మూడవ అంశం: తోటపని మనిషి పోశవ్వ తొలగింపు. నాలుగవ అంశం: అధ్యక్షుని ఎన్నిక.

ఆయన వేలు మూడవ అంశం మీద ఆగింది.

“నేను పెట్టింది గాదు సార్,” అన్నాడు విద్యాసాగర్ ముందుగానే. “వకీల్ సాబ్ పెట్టమన్నడు.”

వకీల్ సాబ్ అంటే సంఘం ఉపాధ్యక్షులు జగన్మోహనరావుగారు. రాజధాని కర్నూలు నుంచి మారిన ఏడే సోమయాజులుగారి వలెనే కోస్తా నుంచి వచ్చి, హైకోర్టులో పేరు గడించినవారు.

“ఏం చేసిందట?”

“మొన్న పొద్దుగాల వకీల్ సాబ్ పబ్లిక్ గార్డెన్ల నడుస్తుంటే ఆడి మాలీ చెప్పిండట, పోశవ్వ ఎనిమిది గంపల యాపపండ్లు ఏరుకపోయిందని. మన పెట్టెలకు వచ్చినయి మూడు గంపల గింజలు. తక్కిన అయిదు ఏడవోయినయ్ సార్? బేగంబజార్ల నూనె తీసెటోళ్ళు యాపగింజలు కొంటరు. అందరికి ఎర్కనే.”

“ఆమెనడిగారా?”

“అడిగిన. ‘ఎండితే తగ్గినయ్’ అన్నది. మల్ల నోరు ఇప్పలె. గట్లా సప్పుడు చేయకుంటె మనమేమనుకోవాలె?”

సోమయాజులుగారు కలం తీసి, మూత విప్పి, మళ్ళీ పెట్టేశారు. “రేపు సంతకం చేస్తాను,” అన్నారు. తరువాత కొంచెంసేపటికి, “నాలుగో అంశంలో ఈసారి నన్ను వదిలేయండి విద్యాసాగర్. డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. గుట్ట చుట్టూ కంచె కోసం అటవీశాఖ కచేరీ బెంచీ మీద నిన్న మూడు గంటలు కూర్చున్నాను. కాగితం ఇంకో బల్లకు వెళ్ళిందన్నారు. ఆ బల్ల దగ్గర మనిషి భోజనానికి వెళ్ళాడన్నారు. ఈలోగా మేకలు గుట్టమీద ఉన్నాయి.”

“మిమ్ములను ఇడిస్తే మొలకలు ఎట్ల సార్?”

అతను నవ్వుతూనే అన్నాడుగాని, ఆ మాటలో నవ్వు లేదని ఇద్దరికీ తెలుసు. సంఘం నియమావళిలో ఏడవ నియమం సోమయాజులుగారు స్వయంగా రచించినది. జ్యేష్ఠ బహుళంలో పంచాంగం చూసి పెట్టిన శుభముహూర్తాన అధ్యక్షుడు నూట ఎనిమిది డాల్డా డబ్బాలలో వేదమంత్ర పూర్వకంగా తొలి విత్తనాలు నాటాలి. అంతకుముందు ఒక్క గింజ కూడా మట్టిని తాకరాదు. పదేళ్ళుగా ఆయన నాటిన నూట ఎనిమిదీ పన్నెండో రోజుకు మొలిచాయి. ఒక్కటీ తప్పిపోలేదు. కంచె రాకపోయినా, వానలు మొహం చాటేసినా, సభ్యులు చందాలు మరచినా, ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి ‘సోమయాజులుగారి హస్తవాసి’ అనేవారు, చేతులు లేచేవి, ఆయన మరొక సంవత్సరం మెట్లెక్కేవారు.

మరునాడు తెల్లవారగానే సంధ్య వార్చుకుని ఆయన బయలుదేరారు. విషయం సభలో పడకముందే పోశవ్వను తానే అడగాలి, తప్పు చేసివుంటే ఒప్పుకోమనాలి, మందలించి సరిపెట్టాలి. మనసులో వాక్యాలు కూడా కూర్చుకున్నారు.

మేడ వెనక ఆవరణ ఒకప్పుడు ఎవరో నవాబుగారి గుర్రపుసాల. ఇప్పుడు సగం పైకప్పు లేదు. ముందుభాగంలో తాటాకు పందిరి కింద మొక్కలు వరసగా ఉంటాయి. మొజంజాహీ మార్కెట్టు దగ్గరి హోటళ్ళ నుంచి పోశవ్వ అడిగి తెచ్చిన ఖాళీ డబ్బాలు ఒక గుట్టగా ఉంటాయి. వెనక కూలిన గోడ. ఆ గోడకు అవతల ఏముందో అధ్యక్షులు పదేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. అటు దుర్వాసన వేస్తుందని ఎవరో చెప్పగా విన్నారు.

పందిరి కింద ఎవరూ లేరు. గోడ అవతల నుంచి నీళ్ళు పోస్తున్న చప్పుడు వచ్చింది. ఆయన పంచె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, రాళ్ళమీదుగా మెల్లగా అటు దాటారు.

దుర్వాసన లేదు. తడిమట్టి వాసన, చివికిన పేడ వాసన. చిరుగు గోనెలు కట్టిన నీడలో వందల డబ్బాలు. ప్రతి డబ్బాలోనూ వేపమొలక. కొన్ని ఇంకా గింజపెంకును నెత్తిన మోస్తున్నాయి. కొన్ని రెండు ఆకులు విప్పాయి. ముహూర్తం ఇంకా పదిహేడు రోజులుంది.

ఒక చేత్తో చెంబు పట్టుకుని, మరో చేతివేళ్ళు దాని మూతికి అడ్డంపెట్టి నీళ్ళు చిలకరిస్తున్న పోశవ్వ తల తిప్పింది. ఆమె వయసూ ఆయన వయసూ దాదాపు ఒకటే.

“పంతులా. గింత పొద్దుగాల ఏందికొచ్చినవ్? రాళ్ళ మీద జారి పడితె నన్నంటరు.”

“ఇవన్నీ ఎక్కడివి పోశవ్వా?”

“ఏడియేంది, గీడియే.” ఆమె చెంబు కిందపెట్టలేదు. తక్కిన వరస తడిపింది.

“విత్తనాలు అమ్ముకుంటున్నావని అన్నారు. మొలకలే అమ్ముకుంటున్నావా?”

ఆ మాట అన్నాక ఆయన చూపు గోడవార ఉన్న మరొక వరస మీద పడింది. ఆ డబ్బాలలో మట్టి నింపివుంది, మొలకలు లేవు. వాటి పక్కలకు సున్నంతో అంకెలు వేసివున్నాయి. తెలుగు అంకెలు. ముహూర్తపు డబ్బాల మీద ఏటా ఆయన తన చేత్తో వేసే అంకెలు, ఒకటి మొదలు నూట ఎనిమిది వరకు. కాని ఇవి ఆయన చేతివి కావు. చదువురాని చెయ్యి ఆకారం చూసి గీసినవి. మూడు అంకె ఉన్న ప్రతిచోటా అది అటు తిరగవలసింది ఇటు తిరిగివుంది.

ఆ తిరగబడిన మూడును ఆయన ఎరుగుదురు. ఏటా మొలకలు చూడవచ్చినప్పుడు పందిరి కింద కనిపించేది. కుదురుగా రాసే తన చెయ్యి ముసలితనంలో అంకె కూడా తప్పుతున్నదనుకుని, ఎవరికీ చెప్పకుండా సిగ్గుపడేవారు.

ఆయన అక్కడే ఒక బోర్లించిన తొట్టిమీద కూర్చున్నారు.

“అవి గుట్టకు. ఇవి నీయి,” అంది పోశవ్వ ఆ వరస చూపించి. “నీ ముహూర్తం దినమే, ఆ పొద్దు ఏరిన పండ్లవి ఏస్త. పది దినాలకు మొలుస్తయి. మీరందరు వచ్చెటాలకు అవి పందిరికిందికి పోతయి, నువ్వేసినయి గీడికొస్తయి. గంతే.”

“నేను వేసినవి?”

“మట్టి బాగుంటది గదా. తిరగేసి మల్ల వాడుత.”

“ఒక్కటీ మొలవదా?”

ఆమె చెంగుముడి విప్పి నాలుగు గింజలు తీసింది. ఒకదాన్ని రాతిమీద పెట్టి బొటనవేలిగోటితో చీల్చి ఆయన అరచేతిలో వేసింది. లోపలి పప్పు లేత పచ్చగా, తడిగా ఉంది. “పచ్చగుంటే పానముంటది. యాపగింజకు పదిదినాలే పానం పంతులూ. పిసికి, కడిగి, నీడల ఒక్కపూట ఆరబెట్టి ఎయ్యాలె. గా పెట్టెల ఏస్తే ఉడుకుతయి. పో, తెచ్చిచూడు.”

ఆయన పంతొమ్మిది మెట్లూ ఆగకుండా ఎక్కారు. పెట్టె ముందు మోకరిల్లి, జంధ్యానికున్న తాళంచెవిని అలాగే తాళంలో పెట్టి తిప్పారు. మూత ఎత్తగానే పులిసిన వాసనతో కూడిన వెచ్చదనం ముఖానికి తగిలింది. గుప్పెడు గింజలు తీసుకుని కిందికి వచ్చారు. పోశవ్వ ఒక్కొక్కటే చీల్చింది. గోధుమరంగు. గోధుమరంగు. నల్లన. ఎనిమిదో గింజ తరువాత ఆయనే చాలన్నారు.

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“చెప్పిన. మొదటేడు చెప్పిన. నువ్వు ఏదో శ్లోకం చదివినవ్. అర్థం గూడ చెప్పినవ్, కాలం కలిసొస్తేనే కార్యమని. మంచిగనే చెప్పినవ్.” ఆమె గొంతులో ఎగతాళి లేదు, అదే ఆయనకు కష్టంగా తోచింది. “ఆ ఏడు నువ్వేసినయి ఒక్కటి మొలవకపాయె. నువ్వు దినాం పొద్దుగాల వచ్చి, వంగి, డబ్బా డబ్బా చూసి పోతుంటివి. తొమ్మిదిదినాలు చూసిన నీ మొఖం. మొలకలు రాకుంటె ఈ జాగ తీసేస్తరని సాగర్ సారు అనవట్టె. నా నీళ్ళపని పోతది, గుట్టకు చెట్లు పోతయి. మల్ల నేనేం జేయాలె? పదోనాడు నా మొలకల డబ్బాలు తెచ్చివెట్టిన.”

“దొంగతనం చేశావంటున్నారు. ఆదివారం నిన్ను తీసేస్తారు. ఈ మాట ఎందుకు చెప్పలేదు విద్యాసాగర్‌కు?”

“ఏమని చెప్పాలె? పంతులు చేతిల ఒక్క ఇత్తు మొలవలేదు, పదేండ్లసంది నేనే మారుస్తున్న అనా?” ఆమె చెంబు ముంచింది. “తీసేస్తె తీసేస్తరు. నువ్వు పో, ఎండ ముదురుతది.”

ఆయన సభా పత్రంలో మూడవ అంశాన్ని అలాగే ఉంచి, సంతకం చేసి ఇంటికి వెళ్ళారు. శుక్రవారం పారాయణకు కూర్చుని ఒకే పుటను మూడుసార్లు చదివారు. శనివారం మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ భార్య కోటేశ్వరమ్మగారు, “కాకరకాయ వేపుడు తినలేదేం?” అన్నారు.

“కోటేశ్వరీ, నాకు హస్తవాసి ఉందా?”

ఆవిడ గరిటె కిందపెట్టారు. “మన పెరట్లో మీరు వేసిన కాకరపాదు ఏనాడన్నా మొలిచిందా? ఆనపపాదు మొలిచిందా? పదేళ్ళుగా కాకరకాయలు అఫ్జల్‌గంజ్ నుంచే గదండీ తెస్తున్నది.”

“మరి ఎన్నడూ చెప్పలేదేం?”

“ఊరంతా ఉందంటుంటే కట్టుకున్నదాన్ని నేను లేదనాలా? ఏ చేతికి ఏ వాసో. మీ చేత అక్షరాభ్యాసం చేయించుకున్న పిల్లలందరికీ చదువొచ్చింది.” ఆవిడ మజ్జిగ పోశారు. “ఏమైంది?”

ఆయన చెప్పారు. పోశవ్వ సంగతి, డబ్బాల సంగతి, తిరగబడిన మూడు సంగతి. ఆవిడ అంతా విని, ఎంగిలి విస్తరి తీస్తూ అన్నారు: “ఆవిడకు ఆ పని తప్ప ఇంకేం లేదు కదండీ. మీకు ఆ కుర్చీ కాక ఇంత ఇల్లుంది.”

ఆదివారం సభ అబిడ్స్‌లో, పెద్ద తపాలా కార్యాలయానికి దగ్గరలో ఉన్న ఒక పఠనమందిరం మేడమీద. కిందనంతా పేవుమెంటు మీద పాతపుస్తకాలు పరిచివున్నాయి. మామూలుగా ఆయన అక్కడ అరగంట ఆగేవారు. ఆనాడు అంగవస్త్రంలో రెండు చిన్న పొట్లాలు పట్టుకుని నేరుగా పైకి వెళ్ళారు.

ఇరవైనలుగురు సభ్యులు వచ్చారు. ప్రార్థన అయింది. నివేదిక అయింది. మూడవ అంశం మీద జగన్మోహనరావుగారు లేచి, కోర్టులో వలె అంగుష్ఠంతో కోటు అంచు పట్టుకుని, ఎనిమిది గంపలకూ మూడు గంపలకూ గల వ్యత్యాసాన్ని సభకు విశదపరచారు.

“ఆమె పేదరాలని మనకు జాలి ఉండవచ్చు. సోమయాజులుగారి దయాగుణం మనం ఎరుగనిది కాదు. కాని దొంగతనానికీ దయకూ ముడిపెడితే సంస్థలు నిలవవండీ.”

“దొంగతనం జరిగిన మాట నిజమే,” అన్నారు సోమయాజులుగారు కూర్చునే. “పదేళ్ళుగా జరుగుతున్నది. మొలకలు ఆమెవి, పేరు నేను తీసుకున్నాను.”

ఎవరో వెనక వరసలో నవ్వారు. అది వినయమనుకున్నారు. ఆయన పక్కకు తిరిగి, వక్కలు కత్తిరించుకుంటున్న భావనారాయణగారి ముందు చెయ్యి చాపారు. “ఒకసారి మీ అడకత్తెర ఇలా ఇవ్వండి.”

భావనారాయణగారు సంఘం పుట్టిననాటి సభ్యుడు. హోమియో వైద్యం చేస్తారు. అడకత్తెర లేకుండా ఏ సభకూ రారు. ఆశ్చర్యపోతూనే ఇచ్చారు. సోమయాజులుగారు సభా పత్రాన్ని తిరగేసి బల్లమీద పరచి, మొదటి పొట్లం విప్పి, పెట్టెలోని గింజలను ఒక్కొక్కటే రెండుగా కత్తిరించి వరసగా పేర్చారు. పదీ గోధుమరంగు. రెండో పొట్లంలోవి పోశవ్వ ఆ ఉదయం ఇచ్చినవి. పదీ పచ్చన. ఆ పని పూర్తికావడానికి చాలాసేపు పట్టింది. తరువాత జరిగిందంతా చెప్పారు: పెట్టెలో చచ్చిన విత్తనం, కూలిన గోడ, మారిన డబ్బాలు. ఏమీ దాచలేదు.

“ముందు ఇది రాయండి విద్యాసాగర్. పోశవ్వ మీద వచ్చిన అభియోగం నిరాధారమని. ఆమె పని ఆమెకే ఉంటుందని.”

జగన్మోహనరావుగారు న్యాయమెరిగిన మనిషి. “రాయండి,” అన్నారు. “నేనే ఉపసంహరించుకుంటున్నాను.” విద్యాసాగర్ తలవంచి రాశాడు. ఆ రాయడం పూర్తయ్యేవరకు సోమయాజులుగారు కలం మొన వైపే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు భావనారాయణగారు ముందుకు వంగి, రోగిని అడిగినట్లు మెల్లగా అడిగారు: “అంటే, ఈ పదేళ్ళలోనూ మీ చేతిమీదుగా ఒక్కటీ మొలవలేదన్నమాట.”

“లేదు.”

“ఒక్కటంటే ఒక్కటీనా?”

“చచ్చిన గింజ ఎవరి చేతిలోనూ మొలవదు భావనారాయణగారూ.”

“అట్లా అనకండి. మా మేనమామ చేత్తో వేస్తే వేయించిన మెంతులు కూడా మొలిచేవి.”

సభలో నవ్వు పుట్టింది. నవ్వుతోబాటు బరువేదో దిగిపోయింది. ఇద్దరు ముగ్గురు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకోసాగారు. వెనకనుంచి ఒక మాట వినవచ్చింది: “అందుకే గుట్టమీద కంచె పడతలేదు.” ఇంకొకరు: “పోయినేడు వానలు గూడ గందుకే.” మూడో గొంతు: “వకీల్ సాబ్ బావి తవ్విస్తే ఏడు గజాలకే నీళ్ళు పడ్డయి. ముగ్గురు తవ్వి ఇడిసిన జాగ అది.”

సోమయాజులుగారు లేచారు. తాను విప్పిచెప్పినదానిని వీళ్ళు వేరే పొట్లంలో కట్టుకుపోతున్నారని ఆయనకు అప్పటికి తెలిసింది. “నా చేతి సంగతి కాదు,” అన్నారు. “కాలం సంగతి. ఏడవ నియమం తీసివేయండి. ఏరిన రోజే నాటనివ్వండి. ముహూర్తానికి ముందు విత్తనం మట్టిని తాకరాదని నేను రాయడం తప్పు. ఈ సభలోనే మార్చండి.”

విద్యాసాగర్ నియమావళి పుటలు తిప్పాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. “నియమం మార్చాలంటె నెలరోజుల ముందు నోటీసియ్యాలె సార్. పద్నాలుగో నియమం. మీరే రాసిన్రు.”

“పైగా అదొక సంప్రదాయమండీ,” అన్నారు భావనారాయణగారు ఓదార్పుగా. “మంత్రం మంచిదే. ముహూర్తం మంచిదే. మనిషి మారితే చాలు.”

నాలుగవ అంశం ఐదు నిమిషాలలో ముగిసింది. కొత్త అధ్యక్షులుగా తమ పేరు చెప్పగానే జగన్మోహనరావుగారు మొదట వద్దన్నారు, తరువాత తమ అరచేతివంక ఒకసారి చూసుకుని, సభవారి ఆజ్ఞ అన్నారు. సోమయాజులుగారి పదేళ్ళ సేవకు కృతజ్ఞతగా ఒక శాలువా కప్పారు. అది ముందే కొనివుంచినది. పునరెన్నిక సందర్భంగా కప్పుదామని తెచ్చినది.

తాళంచెవి ఇవ్వవలసివచ్చింది. పదేళ్ళ చెమటకూ స్నానాలకూ ముడి బిగిసి రాయిలా అయిపోయింది. ఆయన రెండు చేతులతో విప్పబోయారు, గోళ్ళు పట్టలేదు. సభ అంతా నిలబడి చూస్తున్నది. భావనారాయణగారు అలవాటుకొద్దీ అడకత్తెర చాపి, తాను ఏం చేయబోయారో స్ఫురించి చప్పున వెనక్కు తీసుకున్నారు. చివరకు విద్యాసాగర్ దగ్గరకు వచ్చి, మోకాలిమీద వంగి, పిల్లవాడి చొక్కా గుండీ విప్పినంత నెమ్మదిగా, ఆ ముడి విప్పాడు. అతని తల ఆయన రొమ్ముకు ఆనినంత దగ్గరగా ఉంది.

“మాఫ్ చెయ్యుండ్రి సార్,” అన్నాడు ఎవరికీ వినబడకుండా.

సోమవారం ఉదయం సోమయాజులుగారు పందిరి దాటి, రాళ్ళమీదుగా వెనక్కు వెళ్ళారు. పోశవ్వ పెద్ద గంగాళంలో ఇసుకా నీళ్ళూ పోసి వేపపండ్లు పిసుకుతున్నది. గుజ్జు పైకి తేలుతున్నది. గింజలు అడుగున గరగరమంటున్నాయి.

“నీకు పని పోయిందంట గదా పంతులూ,” అంది తలెత్తకుండానే. “నాది ఉన్నదంట. సాగర్ సారు చెప్పిపోయిండు.”

“అవును.”

“ఎందుకు చెప్పినవ్? సప్పుడు చేయకుంటె నీ తావున నువ్వుంటుంటివి.”

“నీ తావున నువ్వుండేదానివి కాదు.”

ఆమె గంగాళం వంచి తేలిన గుజ్జును పారబోసింది. తరువాత అంది: “కొత్తాయనకు నూటెనిమిది సాలయట. వెయ్యి నూట పదహారు డబ్బాలు కావాలన్నడట. మంత్రిని పిలుస్తడట. ముహూర్తం మటుకు గదే, నువ్వు పెట్టిందే. గప్పటిదాక పండ్లన్ని పెట్టెల ఎయ్యమన్నడు.”

“తాళం ఆయన దగ్గరే ఉంది.”

“తాళమేస్తే ఏంది, నీళ్ళు పొయ్యాలంటె నన్నే పిలవాలె గదా.” ఆమె చేతులు దులుపుకుంది. “కాని వెయ్యి నూట పదహారు నేనొక్కదాన్ని ఎట్ల మార్చాలె? అంకెలే ఎట్ల ఎయ్యాలె? నా మూడు తిరిగిపోతదంట గదా, సాగర్ సారు నవ్విండు.”

స్టేషనులోంచి పదిగంటల బండి కూతవేసి కదిలింది. ఆయన గోడవార ఉన్న సున్నపు అంకెలవంక చూశారు.

“ఇది మోసం కాదా పోశవ్వా?”

“ఎవలకు మోసం? నువ్వు నిన్న అందరికి చెప్పినవ్. సాగర్ సారు రాసిండు. ఎర్కున్నోళ్ళకు మోసమేంది?” ఆమె గింజలను చేటలో వంపింది. “ఇవి మోసమెర్కున్నయి గావు. ఇయ్యాల ఏస్తే బతుకుతయి, పెట్టెల ఏస్తే సస్తయి. నువ్వే సూసినవ్.”

సోమయాజులుగారు అంగవస్త్రం తీసి మడిచి గోడరాయి మీద పెట్టారు. కొత్త శాలువా ఇంట్లోనే ఉండిపోయింది. మోకాళ్ళు ఒకదాని తరువాత ఒకటి వంచి, రెండు చేతులూ నేలకు ఆనించి, మట్టి నింపిన డబ్బాల వరస ముందు కూర్చున్నారు. పోశవ్వ నీడలో ఆరిన గింజల చేటను ఆయన ముందుకు జరిపింది.

మొదటి గింజను ఆయన చూపుడువేలితో అలవాటు ప్రకారం లోతుగా నొక్కారు.

“గంత లోపలికి గాదు,” అంది ఆమె. మట్టి కదిపి, గింజ పైకి తీసి, తన బొటనవేలి గోరు చూపించింది. “గీ గోరంత. అడ్డంగ పండవెట్టాలె, నిలవెట్టొద్దు. మీద మన్ను చల్లాలె, అదమొద్దు.”

ఆయన రెండో డబ్బాలో గోరంత లోతున, అడ్డంగా పడుకోబెట్టారు. పదేళ్ళుగా ఆ పనితో కలిసివచ్చే మంత్రం పెదవుల దాకా వచ్చింది. ఆయన ఆగి, ఆమెవంక చూశారు.

“చదువుకో పంతులూ. ఇత్తుకేం నొయ్యదు.”

ఆయన గొంతు తగ్గించి చదివారు. మూడో డబ్బా అందుకోవడానికి వంగినప్పుడు ఎడమచెయ్యి తనంతట తాను రొమ్ముమీదికి వెళ్ళింది. అక్కడ పట్టుకోవలసినదేమీ దొరకక ఒక క్షణం నిలిచి, తిరిగి వచ్చి డబ్బాలో మట్టిని సర్దింది.